హంకర్ డౌన్ అన్న ఆంగ్ల క్రియను తెలుగులో ఎలా చెప్పాలి?

ప్రశ్న

హరికేన్ ముంచుకొచ్చినప్పుడు ఎలా మసలుకోవాలో వివరించే ఒక అమెరికన్ కరదీపికను తెలుగులోకి తెస్తున్నాను. పిల్లల దగ్గర ఉండటానికి ఆ దేశం వెళ్లిన పెద్దలు, ఇంగ్లీషు అంతగా అలవాటు లేనివారు చదువుకోవడానికి ఉద్దేశించిన పుస్తకం కనుక, పాఠకుడికి ఎక్కడా సందేహం మిగలకూడదన్నది నా ఆరాటం. పని సగానికి పైగా సాఫీగానే సాగింది గానీ, పేజీకి ఒకసారైనా ఎదురవుతున్న హంకర్ డౌన్ అనే మాట దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోతున్నాను.

నిఘంటువు తెరిస్తే గొంతుకూర్చోవడం అని ఒక అర్థం, కష్టకాలం గడిచే వరకు ఒకచోట కదలకుండా ఉండిపోవడం అని మరొకటి, తన మాట మీదో పని మీదో పట్టుగా నిలవడం అని ఇంకొకటి కనిపిస్తున్నాయి. కూర్చునే భంగిమకూ తుపానుకూ పట్టుదలకూ ఏమి సంబంధమో నాకు బోధపడలేదు. కరదీపికలో ఉన్న ఒక వాక్యానికి, తీరంలోని కుటుంబాలు గాలి తగ్గే వరకు ఇళ్లలో నక్కి ఉన్నాయి అని మొదట రాశాను. చదివిన మిత్రులు, వాళ్లేమి నేరం చేశారని నక్కారు అని అడిగారు. ముడుచుకుని కూర్చున్నాయి అని మార్చాను. ఇప్పుడు వాళ్లు భయంతోనో చలితోనో వణికిపోతున్నట్లు ఉన్నది గానీ, ముందుజాగ్రత్త తీసుకున్న మనుషుల్లా లేరు.

అదే పుస్తకం చివరి అధ్యాయంలో ఈ మాట మూడు వేరువేరు సందర్భాల్లో వచ్చింది. వరుస నష్టాలు చవిచూసిన ఒక బీమా సంస్థ హంకర్ డౌన్ చేసిందట. విమర్శలు వెల్లువెత్తినా ఒక అధికారి తన నిర్ణయం మీదే హంకర్ డౌన్ అయ్యాడట. మరమ్మతుల అంచనా పూర్తి చేయడానికి ఇంజినీర్లు రెండు రోజులు హంకర్ డౌన్ అయ్యారట. ఈ నాలుగు చోట్లా ఉన్నది ఒకే మాటేనా, లేక ఒకే రూపంలో ఉన్న వేరువేరు మాటలా? అన్నింటికీ సరిపోయే తెలుగు పదం ఒకటి ఉన్నదా? చివర ఉన్న డౌన్ అనే ముక్క లేకపోతే అర్థం మారుతుందా? తెలిసినవారు వివరంగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.


మొదటి సమాధానం

చాలా ఏళ్లుగా అనువాదాలు చేస్తున్న అనుభవంతో చెబుతున్నాను. నాలుగు సందర్భాలకూ ఒకే తెలుగు మాట కోసం వెతకడం మానుకోండి. ఇంగ్లీషులో క్రియకు చిన్న ముక్కలు తగిలించి పుట్టించే ఇటువంటి జంటపదాలు సందర్భాన్ని బట్టి రంగు మార్చుకుంటాయి. మనమూ సందర్భాన్ని బట్టే మాట మార్చుకోవాలి.

హరికేన్ వాక్యానికి నా సలహా తలదాచుకోవడం. గాలివానకు తలదాచుకున్నారు అంటే చదువు లేనివారికి కూడా అర్థమవుతుంది, నక్కడంలో ఉన్న నేరభావన గానీ ముడుచుకోవడంలో ఉన్న పిరికితనం గానీ అందులో ఉండవు. అధికారి విషయంలో భీష్మించుకుని కూర్చున్నాడు అనడం చక్కగా నప్పుతుంది. తెలుగులోనూ అక్కడ కూర్చోవడమే ఉన్నది చూడండి. ఇంజినీర్లు పనిలో తలమునకలయ్యారు అనండి. బీమా సంస్థ సంగతి మూలవాక్యం పూర్తిగా చూస్తే తప్ప చెప్పలేను.

డౌన్ గురించి అంతగా ఆలోచించనవసరం లేదు. అది ఊతపదం వంటిది.


రెండవ సమాధానం

డౌన్ ఊతపదం కాదని, ఈ మాటలోని అర్థాలన్నీ ఒకదానిలోంచి ఒకటి పుట్టినవేనని నా అభిప్రాయం. మాట పుట్టుక తెలిస్తే అనువాదం తేలికవుతుంది కనుక కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెడతాను.

హంకర్ స్కాట్లాండ్ వారి మాట. 1720 ప్రాంతం నుంచి రాతలో కనిపిస్తున్నది. మోకాళ్లు పూర్తిగా ముడిచి, పిరుదులు మడమల దాకా దించి, ఒంటి బరువంతా పాదాల ముందుభాగం మీద నిలిపి కూర్చోవడం దాని అర్థం. మన గొంతుకూర్చోవడానికి ఇది అచ్చుగుద్దినట్లు సరిపోతుంది కనుక, భంగిమను చెప్పవలసి వచ్చినప్పుడు ఇంకొక మాట వెతకనవసరం లేదు. తొడల వెనుకభాగాన్ని, పిరుదులను కలిపి హంకర్స్ అనడం కూడా అక్కడ ఉన్నది. హంకర్స్ మీద కూర్చున్నాడు అనే వాడుక స్కాట్లాండ్, ఐర్లాండ్ ప్రాంతాల్లో నేటికీ వినిపిస్తుంది. ఈ క్రియ మూలం ఇదమిత్థంగా తేలలేదు గానీ, స్కాండినేవియా నుంచి వచ్చి ఉంటుందని, ముడుచుకుని కూర్చోవడమనే అర్థమున్న ప్రాచీన నార్స్ క్రియ హూకాకు చుట్టమై ఉంటుందని పండితులు ఊహిస్తారు. జర్మన్ హోకెన్ కూడా ఆ కుదురుకు చెందినదే కావచ్చు.

ఆ జర్మన్ క్రియను కొంచెం నిదానంగా చూడండి. హోకెన్ అంటే గొంతుకూర్చోవడం. అదే మాటను జర్మన్లు ఇల్లు కదలకుండా పడి ఉండటానికి కూడా వాడతారు. ఎప్పుడూ గదిలోనే ఉండేవాడిని ష్టూబెన్‌హోకర్ అంటారు, అంటే గదిలో గొంతుకూర్చున్నవాడు. ఇంగ్లీషులో స్క్వాట్ అనే మాటకూ ఇదే నడక పట్టింది. గొంతుకూర్చోవడం అనే అర్థం నుంచి పరాయి స్థలంలో తిష్ఠ వేసి కదలకపోవడం అనే అర్థానికి చేరింది. మన బైఠాయింపు కూర్చోవడంలోంచి వచ్చింది; తిష్ఠలో ఉన్నది, చిత్రంగా, నిలబడటం అనే అర్థమున్న సంస్కృత ధాతువు. ఒంటి భంగిమను తెలిపే క్రియలు ఒకచోట ఉండిపోవడాన్ని తెలిపే క్రియలుగా మారడం భాషలన్నింటికీ అలవాటే కనుక, మీరు అడిగిన మొదటి సంబంధంలో వింత ఏమీ లేదు.

ఈ క్రియకు డౌన్ తగిలించి వాడటం అమెరికా దక్షిణ ప్రాంతపు మాండలికం. 1902 నుంచి దాఖలాలు ఉన్నాయి. దేశమంతటా వ్యాపించింది మాత్రం 1965 ప్రాంతంలో. టెక్సస్‌కు చెందిన లిండన్ జాన్సన్ అధ్యక్షుడిగా ఉన్న రోజులవి, రాజకీయ వార్తల్లో దక్షిణాది నుడికారం వెల్లువగా వస్తున్న కాలమది. అంతకు కొద్ది ముందు, 1959లో, అర్కాన్సా విశ్వవిద్యాలయంలో మొదలైన ఒక విద్యార్థి వేలంవెర్రి ఈ క్రియను వార్తల్లోకి ఎక్కించింది. యువకులు గుంపులు గుంపులుగా గంటల తరబడి గొంతుకూర్చోవడమే ఆ వేడుక. ప్రపంచంలో సగం మంది రోజూ చేసే పని అక్కడ వార్త అయింది!

వడగళ్ల వానలో జాక్‌రాబిట్ లాగా హంకర్ డౌన్ కావడం అని దక్షిణాదిలో ఒక పోలిక ఉన్నది. నా దృష్టిలో ఈ మాటకు ఇంతకన్నా మంచి నిర్వచనం లేదు. జాక్‌రాబిట్ పేరులో కుందేలు ఉన్నా అది బొరియ తవ్వుకునే జాతి కాదు. మైదానంలో నేలకు కరుచుకుని బతికే చెవులపిల్లి. వడగళ్లు మొదలైతే దూరడానికి దానికి కన్నం లేదు, పరుగెత్తితే దెబ్బలు తప్పవు. చెవులు వీపుకు ఆనించి, కాళ్లు ఒంటి కిందికి లాక్కుని, వాన వెలిసే దాకా ఉన్నచోటనే ఓర్చుకుంటుంది. ఒంటిని చిన్నది చేసుకోవడం, కదలకపోవడం, ఒక గడువు దాకా ఓర్చుకోవడం, గడువు తీరగానే లేచి పోవడం, ఈ నాలుగూ ఆ బొమ్మలో ఉన్నాయి. హోల్ అప్ అనే మరో జంటపదం బొరియలో దూరే జంతువుది. ఆ రెండూ ఒకటే అనుకుంటే తప్పులో కాలేసినట్లే.

ఇక డౌన్ సంగతి. హంకర్ ఒంటరిగా వస్తే చాలావరకు భంగిమ మాత్రమే: పొయ్యి ముందు హంకర్ అయ్యాడు అంటే గొంతుకూర్చున్నాడు, అంతే. డౌన్ చేరినప్పుడే కుదురుకోవడం, స్థిరపడటం అనే భావం వస్తుంది. సెటిల్ డౌన్ (కుదురుకోవడం), నకిల్ డౌన్, బకిల్ డౌన్ (రెండూ పట్టుదలగా పనిలోకి దిగడం) అనే మాటల్లో డౌన్ చేసే పని కూడా ఇదే. మీ ఇంజినీర్ల వాక్యంలోని అర్థం ఈ వరుసకు చెందినది. పలికేటప్పుడు కూడా ఊనిక డౌన్ మీద పడుతుంది. ఊతపదం మీద ఎవరూ ఊనిక వేయరు.

ఒక హెచ్చరికతో ముగిస్తాను. చరిత్ర పుస్తకాల్లో మీకు హంకర్లు అనే రాజకీయ వర్గం తారసపడవచ్చు. 1840లలో న్యూయార్క్ డెమోక్రాట్లలోని పాతకాపులను ఆ పేరుతో పిలిచేవారు. వారి ప్రత్యర్థులను బార్న్‌బర్నర్లు, అంటే ఎలుకల పీడ వదిలించుకోవడానికి ధాన్యపు కొట్టానికే నిప్పు పెట్టిన రైతు వంటివారు, అని వెక్కిరించేవారు. ఈ హంకర్‌కు గొంతుకూర్చోవడంతో సంబంధం లేదు. ఆటలో తాకవలసిన గుర్తును డచ్చివారు హొంక్ అంటారు, బేస్‌బాల్‌ను నేటికీ హొంక్‌బాల్ అనే పిలుస్తారు. ఆ గుర్తును వదలనివాడు హంకర్ అన్నది ఒక వివరణ. కదలకపోవడం అనే అర్థం రెండు మాటల్లోనూ కలవడం కేవలం కాకతాళీయం.


మూడవ సమాధానం

పై వివరణ బాగున్నది. అయితే నేను తరచుగా చూసేది బంకర్ డౌన్ అనే రూపం. సైనికులు బంకర్‌లో దాక్కోవడంలోంచి వచ్చిన ఆ మాటే అసలైనదని, హంకర్ డౌన్ దాని అపభ్రంశమని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇది తప్పా?


రెండవ సమాధానం రాసినవారు

తలకిందులుగా అనుకున్నారు. హంకర్ డౌన్ ముందు, బంకర్ డౌన్ తరువాత. చెవికి దగ్గరగా ఉండి, అర్థం కూడా పొసగినట్లు అనిపించే మాటను జనం పాత మాట స్థానంలో పెట్టుకోవడం భాషల్లో జరుగుతూనే ఉంటుంది. బంకర్‌కు నేలలో కట్టిన సైనిక రక్షణగది అనే అర్థం మొదటి ప్రపంచయుద్ధ కాలం నుంచి బలపడింది. అంతకు పూర్వం అది గోల్ఫ్ మైదానంలోని ఇసుక గుంట, ఇంకా పూర్వం స్కాట్లాండ్‌లో కూర్చునే బల్ల. ఇదీ స్కాట్లాండ్ మాటే కావడం, ఇందులోనూ కూర్చోవడం ఉండటం సరదా అయిన సంగతి. బంకర్ డౌన్ ఆస్ట్రేలియా పత్రికల్లో విస్తారంగా కనిపిస్తుంది కనుక దానిని తప్పు అని కొట్టిపారేయను. అమెరికన్ రచనలో మాత్రం హంకర్ రాయడమే క్షేమం.


నాలుగవ సమాధానం

మొదటి సమాధానం రాసినవారి అనుభవాన్ని గౌరవిస్తూనే, తలదాచుకోవడం అనే మాటను ఈ కరదీపికలో వాడవద్దని గట్టిగా చెప్పదలిచాను. ఇది రుచికి సంబంధించిన అభ్యంతరం కాదు, ప్రాణాలకు సంబంధించినది. హరికేన్లు వచ్చే తీరంలో చాలా ఏళ్లు ఉన్నవాడిని. ఈ మాట ఎప్పుడు వినిపిస్తుందో, అప్పుడు బయట ఏమి జరుగుతూ ఉంటుందో ఎరిగినవాడిని.

తెలుగులో తలదాచుకునేవాడు తన గూడు విడిచి మరొకరి పంచకు చేరినవాడు. సత్రంలో తలదాచుకుంటాడు, బంధువుల ఇంట తలదాచుకుంటాడు, చెట్టు కింద తలదాచుకుంటాడు. అందులో ఒకచోటి నుంచి మరొకచోటికి కదలడం ఉన్నది. హంకర్ డౌన్ అని అధికారులు చెప్పే సమయం సరిగ్గా దానికి వ్యతిరేకమైనది. నీటి నుంచి పరుగెత్తు, గాలి నుంచి దాక్కో అని ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో విపత్తు నిర్వహణ అధికారులు పదే పదే చెబుతారు. సముద్రపు ఉప్పెన వచ్చే లోతట్టు ప్రాంతంవారు ముందుగానే ఊరు విడిచి వెళ్లాలి. ఉప్పెన భయం లేని చోట, గట్టి ఇంట్లో ఉన్నవారు వెళ్లనవసరం లేదు. గాలులు మొదలైపోయాక రోడ్డెక్కడం ఇంట్లో ఉండటం కన్నా ప్రమాదం. ఖాళీ చేసే సమయం మించిపోయింది, ఇక హంకర్ డౌన్ కండి అనే ప్రకటన అప్పుడు వస్తుంది. దానిని తలదాచుకోండి అని తెలుగు చేస్తే, చదివిన పెద్దాయన గొడుగు పట్టుకుని బయలుదేరినా ఆశ్చర్యం లేదు.

మరొక సంగతి కూడా గమనించండి. హరికేన్ కన్ను, అంటే దాని నడిమధ్య ఉండే ప్రశాంత భాగం, మీదుగా దాటుతున్నప్పుడు గాలి ఒక్కసారిగా పడిపోయి, ఆకాశం తేటపడి, అంతా అయిపోయిందనే భ్రమ కలుగుతుంది. కాసేపటికే కంటి అవతలి గోడ, అంటే కంటి చుట్టూ తిరిగే భీకర గాలుల వలయం, వచ్చి, గాలి ఈసారి ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడుతుంది. అందువల్ల హంకర్ డౌన్ అనే ఆదేశంలో, గాలి ఆగినంత మాత్రాన లేవవద్దు, అధికారులు చెప్పే దాకా ఉన్నచోటనే ఉండు అనే భావం ఇమిడి ఉన్నది. కదలకపోవడమే దీనికి ప్రాణం. మీ తెలుగు వాక్యంలో ఆ భావం మొదట నిలబడాలి. భంగిమ పోయినా నష్టం లేదు.

నేనైతే ఆదేశం ఉన్న చోట, తలుపులు బిగించుకుని, కిటికీలు లేని లోపలి గదిలో కదలకుండా ఉండండి అని రాస్తాను. ఇంగ్లీషులో రెండు మాటలు తెలుగులో ఎనిమిదైనా సరే. కథనం ఉన్న చోట, తీరంలోని కుటుంబాలు గుండె చిక్కబట్టుకుని ఇళ్లలోనే కాచుకుని కూర్చున్నాయి అంటే చాలు. అందులో భయం ఉన్నది, దానిని అదుపులో పెట్టుకున్న నిబ్బరమూ ఉన్నది.


మొదటి సమాధానం రాసినవారు

ఒప్పుకుంటున్నాను. కథలో చెల్లే మాట ఆదేశంలో చెల్లదన్న సంగతి నాకు తట్టలేదు. తలదాచుకోవడాన్ని ఉపసంహరించుకుంటున్నాను, డౌన్ విషయంలో కూడా తొందరపడ్డాను. భీష్మించుకోవడాన్ని మాత్రం వదులుకోను.


ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. జాక్‌రాబిట్ పోలిక నా కళ్లు తెరిపించింది, కంటి అవతలి గోడ మాట నన్ను కొంచెం భయపెట్టింది కూడా. ఇంకా రెండు సందేహాలు మిగిలాయి. కరదీపికలో దాదాపు ఇదే అర్థంలో షెల్టర్ ఇన్ ప్లేస్, స్టే పుట్, సిట్ టైట్, లై లో అనే మాటలు కూడా వస్తున్నాయి. వీటన్నింటినీ కదలకుండా ఉండండి అని ఒకే గాటన కట్టవచ్చా? రెండవది, బీమా సంస్థ వాక్యం పూర్తిగా ఇది: వరుసగా మూడు తుపానుల నష్టపరిహారాలు చెల్లించిన తరువాత ఆ సంస్థ కొత్త పాలసీలు ఆపివేసి, ఖర్చులు తగ్గించుకుని, హంకర్ డౌన్ చేసింది. దీనిని ఏమనాలి?


ఐదవ సమాధానం

విదేశీ విద్యార్థులకు ఇంగ్లీషు బోధించిన అలవాటు కొద్దీ, మీ మొదటి సందేహానికి కొంచెం విపులంగానే సమాధానం రాస్తున్నాను.

షెల్టర్ ఇన్ ప్లేస్ అధికార భాష. రసాయన వాయువులు లీకైనప్పుడు బయటికి రాకుండా, తలుపులూ కిటికీలూ మూసి, బయటి గాలిని లోపలికి తెచ్చే యంత్రాలు ఆపివేసి, ఉన్న భవనంలోనే ఉండిపొమ్మని చెప్పే ఆదేశంగా అది ప్రసిద్ధమైంది. 2020 మార్చిలో కోవిడ్ సమయాన శాన్‌ఫ్రాన్సిస్కో పరిసర కౌంటీలు తమ ఉత్తర్వుకు ఈ పేరే పెట్టాయి. అదే నెలలో అలాస్కాలోని యాంకరేజ్ నగరం తన ఉత్తర్వును హంకర్ డౌన్ అని పిలిచింది. రెండింటిలోనూ ఇల్లు కదలవద్దన్నదే సారాంశం అయినా, మొదటిది ఫైలులోంచి వచ్చినట్లు, రెండవది పొరుగింటి పెద్దమనిషి భుజం తట్టి చెప్పినట్లు వినిపిస్తుంది. తెలుగులో కూడా ఈ తేడా చూపడం కష్టమేమీ కాదు. మొదటిదానికి ఉన్నచోటనే ఆశ్రయం పొందవలెను అనే ప్రకటన ధోరణి, రెండవదానికి గడప దాటకుండా నిబ్బరంగా ఉండండి అనే మాటల ధోరణి సరిపోతాయి.

స్టే పుట్‌లో ఆపద ఉండనవసరం లేదు. పెట్టినచోట పెట్టినట్లు ఉండటమే దాని అర్థం. వస్తువులకూ వాడతారు, అతికించిన కాగితం స్టే పుట్ కావచ్చు. 1843 నుంచి కనిపించే అమెరికన్ నుడి ఇది. సిట్ టైట్ అంటే తొందరపడి ఏమీ చేయకుండా వేచి ఉండటం, వైద్యుడి గది బయట కూర్చున్నవారికి కూడా చెప్పవచ్చు. ఈ రెండింటికీ కదలకుండా ఉండటం, ఓపిక పట్టడం చాలు. లై లో పూర్తిగా వేరు. అందులో తప్పించుకోవలసినది మనుషుల చూపు. మీరు మొదట రాసిన నక్కి ఉండటం దీనికి అతికినట్లు సరిపోతుంది. పదం తప్పు కాదు, చోటు తప్పు. పొంచి ఉండటం మాత్రం దేనికీ పనికిరాదు, ఎందుకంటే పొంచినవాడు దూకబోతాడు, హంకర్ డౌన్ అయినవాడు దూకడు.

ఒక క్రియారూపం దగ్గర కూడా జాగ్రత్త అవసరం. ఆర్ హంకరింగ్ డౌన్ అంటే ఇప్పుడు ఆ పనిలో ఉన్నారు, సామాను సర్దుకుని తలుపులు బిగిస్తున్నారు. ఆర్ హంకర్డ్ డౌన్ అంటే ఆ పని ముగించి, లోపల కుదురుకుని ఉన్నారు. కూర్చుంటున్నారు, కూర్చుని ఉన్నారు అని తెలుగు ఈ తేడాను చక్కగా చూపగలదు గానీ, మనవారు వార్తల్లో రెండింటినీ కలిపేస్తుంటారు. ఈ క్రియకు కర్మ ఉండదు. దేనినైనా హంకర్ డౌన్ చేయడం అంటూ లేదు. జార్జియా విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ ఆటలకు రేడియో వ్యాఖ్యానం చెప్పిన లారీ మన్సన్ 1982లో ఆబర్న్ విశ్వవిద్యాలయ జట్టుతో జరిగిన ఆటలో, చివరి క్షణాల్లో తమ రక్షణ వరుసను ఇంకొక్కసారి హంకర్ ఇట్ డౌన్ చేయమని వేడుకున్న మాట ఆ రాష్ట్రంలో ప్రసిద్ధం. అక్కడి ఇట్ దేనినీ సూచించదు, ఊపు కోసం వచ్చింది. ఆ ఆటలో రక్షణ వరుసలోనివారు నిజంగానే ఒంగి, మోకాళ్లు ముడిచి, నేలకు దగ్గరగా నిలుస్తారు. ఎదుటివారి తాకిడికి చోటు వదలకూడదు. మీరు అడిగిన పట్టుదల అనే అర్థం భంగిమ నుంచి ఎలా వచ్చిందో ఆ దృశ్యంలో కంటికి కనిపిస్తుంది. ఒంటిని కిందికి దించినవాడిని నెట్టడం కష్టం.

భీష్మించుకోవడం గురించి నాది కొంచెం భిన్నాభిప్రాయం. ఆ మాటలో తప్పు అతనిదే అనే తీర్పు ఉన్నది. హంకర్ డౌన్ కొన్నిసార్లు మెచ్చుకోలుగా, కొన్నిసార్లు ఆక్షేపణగా వస్తుంది. సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ పుట్నమ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, భిన్న జాతుల ప్రజలు కలిసి ఉండే ప్రాంతాల్లో మనుషులు పరాయివారినే కాక తమవారిని కూడా తక్కువగా నమ్ముతున్నారని చెబుతూ, తాబేలు ఒళ్లు లోపలికి లాక్కున్నట్లు హంకర్ డౌన్ అవుతున్నారు అన్నారు. అక్కడ భీష్మించుకోవడం బొత్తిగా పొసగదు. తమలోకి తాము ముడుచుకుపోతున్నారు అనాలి. మీరు నక్కడం నుంచి పారిపోయి చేరిన ముడుచుకోవడం ఇక్కడ అక్కరకు వచ్చింది చూడండి. మీ అధికారిని మూలరచయిత తప్పుపడుతున్నాడో లేదో చూసుకుని, తప్పుపడితే భీష్మించుకున్నాడు అనండి, లేకపోతే తన నిర్ణయానికే కట్టుబడి కూర్చున్నాడు అనండి.


నాలుగవ సమాధానం రాసినవారు

బీమా సంస్థ గురించి ఒక మాట. చేతులు ముడుచుకుని కూర్చున్నది అని రాసే ప్రమాదం ఉన్నది. అప్పుడు ఏమీ చేయలేదనే అర్థం వస్తుంది. ఆ సంస్థ పాలసీలు ఆపింది, ఖర్చులు తగ్గించింది, అంటే చాలా పనులే చేసింది. ఒదిగి ఉండటం అనే మాటను ఇక్కడ ప్రయత్నించండి. తెలుగులో ఒదగడం అంటే ఉన్న చోటికి సరిపడేటట్లు తనను తాను చిన్నది చేసుకోవడం. జాక్‌రాబిట్ చేసేది అదే కదా.


ప్రశ్న అడిగినవారు

మీరందరూ చెప్పినదానిని బట్టి వాక్యాలను ఇలా దిద్దుకున్నాను.

ఆదేశానికి: ఊరు విడిచి వెళ్లే సమయం మించిపోయింది, తలుపులు బిగించుకుని, కిటికీలు లేని లోపలి గదిలో, అధికారులు చెప్పే వరకు కదలకుండా ఉండండి.

కుటుంబాలకు: తీరంలోని కుటుంబాలు గుండె చిక్కబట్టుకుని ఇళ్లలోనే కాచుకుని కూర్చుంటున్నాయి.

సంస్థకు: వరుసగా మూడు తుపానుల నష్టపరిహారాలు చెల్లించాక ఆ సంస్థ కొత్త పాలసీలు ఆపివేసి, ఖర్చులు తగ్గించుకుని, గడ్డుకాలం గడిచేదాకా ఒదిగి ఉండిపోయింది.

అధికారికి: విమర్శలు ఎన్ని వచ్చినా తన నిర్ణయం మీదే భీష్మించుకుని కూర్చున్నాడు. మూలంలో రచయిత అతన్ని నిలువునా దులిపేశాడు కనుక ఈ మాటే ఉంచాను.

ఇంజినీర్లకు: అంచనా పూర్తయ్యే వరకు ఇంజినీర్లు రెండు రోజులు ఆ పని మీదే దీక్షగా కూర్చున్నారు.

తలమునకలవడం ఎందుకు వదిలేశానంటే, తలమునకలైనవాడిని పని ముంచేసింది. ఈ ఇంజినీర్లు తామే పూనుకుని కూర్చున్నారు. ఐదింటిలో మూడింట కూర్చోవడమనే క్రియ తనంతట తానే వచ్చి చేరడం చూసి నాకే ఆశ్చర్యం వేసింది.


ఐదవ సమాధానం రాసినవారు

బాగున్నాయి. రెండవ వాక్యంలో మూలం హంకర్డ్ డౌన్ అయి ఉంటే, కూర్చుంటున్నాయి అనే క్రియను కూర్చుని ఉన్నాయి అని మార్చండి. గాలి అప్పటికే మొదలైంది, వాళ్లు తలుపులు బిగించడం కూడా అయిపోయింది.